సోమవారం చేరిన డబ్బు

ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తుంది. డాక్టరు రాసిన చీటీ చూసి, లెన్సు అంచులు ఫ్రేముకి సరిపడా అరగదీసి, వెలుగుకి ఎత్తిపట్టి, వెంట్రుకవాసి తేడా కూడా లేదని తేల్చుకుని గానీ డబ్బాలో పెట్టదు. పదకొండేళ్ళుగా అదే పని. ఆ చూపు ఇంటిక్కూడా వెంట తెచ్చుకుంటుందని వాళ్ళాయన ఆవిడకి భూతద్దం అని పేరు పెట్టాడు. కూరగాయల సంచీ మొదలుకుని కరెంటు బిల్లు దాకా ఏది చేతిలో పడినా రెండుసార్లు తిరగేయాల్సిందే.

వాళ్ళాయన లిఫ్టు మెకానిక్కు. ఆయన తీరు వేరు. ఎదుటి మనిషి నవ్వుతూ మాట్లాడితే చాలు, జేబులో ఉన్నది తీసిచ్చేస్తాడు.

అందుకే పోయినేడు ఆయన పాత ఫోను పోయింది. పాత సామాన్లు అమ్ముకోవడానికీ, పనివాళ్ళని వెతుక్కోవడానికీ పనికొచ్చే యాప్‌లో ఫోటో పెట్టాడు. ఒకడు తెల్ల చొక్కా వేసుకుని ఈయన పనిచేస్తున్న భవనం దగ్గరికే వచ్చాడు. అన్నా అన్నా అంటూ ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు. తన ఫోనులో ఏవో నాలుగు మీటలు నొక్కి తెర చూపించాడు. దాని మీద ఆకుపచ్చ టిక్కు, కింద 'డబ్బు పంపబడినది' అన్న మాట, ఈయన పేరు, తారీకు, టైము, అన్నీ ఉన్నాయి. ఈయన ఫోను ఇచ్చేసి, మెట్ల దాకా సాగనంపి మరీ వచ్చాడు. డబ్బు మాత్రం ఈ రోజుకీ రాలేదు. అది డబ్బు పంపితే వచ్చే టిక్కు కాదట, ఎవరో తయారుచేసిన బొమ్మట.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఆకుపచ్చ టిక్కు ఒక సామెతై కూచుంది. అన్నం అయిందని కోడలు చెబితే అత్తగారు గిన్నె వంక చూసి, "నిజంగా ఉడికిందా, ఆకుపచ్చ టిక్కా?" అనేది. కొడుకు నవ్వేవాడు గానీ, ఆ నవ్వు పూర్తిగా లోపలి నుంచి వచ్చేది కాదు.

ఈ ఏడు ఆవిడ కొత్త ఫోను కొనుక్కుంది. పాతది బాగానే పనిచేస్తోంది. వాళ్ళాయన, "అమ్మి పెట్టనా?" అంటే, "మీరు ఆ చుట్టుపక్కలకి కూడా రావొద్దు. ఈసారి నేనమ్ముతా," అంది.

వారం రోజులు దాని మీదే కూచుంది. ఫోటోలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించింది. బ్యాంకు యాప్ తీసేసింది, తన ఖాతాలన్నిట్లోంచీ బయటికొచ్చింది, ఆ తర్వాత ఫోనుని కొన్ననాటి స్థితికి తుడిచేసింది. వెనక ఉండే గుర్తింపు నంబరు నోటుబుక్కులో రాసుకుంది. అంచు మీద చిన్న గీత ఉంటే దాన్ని కూడా దగ్గరగా ఫోటో తీసి యాప్‌లో పెట్టింది. "ఉన్న లోపం మనమే చూపిస్తే రేపు ఎవడూ పేచీ పెట్టడు," అంది. అత్తగారు పక్కన కూచుని చూస్తూ, "పెళ్ళిచూపులకి కూడా నిన్నింత ముస్తాబు చేసి ఉండరు," అంది.

మొదట వచ్చినవాళ్ళలో ఒకతను బేరం ఆడకుండా, ఫోను చూడకుండా, డబ్బు ఇప్పుడే పంపుతానన్నాడు. ఒక గళ్ళ బొమ్మ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలో పడుతుందన్నాడు. "నా డబ్బు నాకు రావడానికి నేనెందుకయ్యా పిన్ కొట్టడం? పిన్ కొడితే పోతుంది గానీ రాదు," అంది. అవతల ఫోను పెట్టేశారు. ఇంకొకావిడ పొరపాటున రెండింతలు పంపేశానని, ఎక్కువ పంపింది వెంటనే తిప్పి పంపమని ఏడుపు గొంతుతో మాట్లాడింది. ఖాతా తెరిచి చూస్తే పైసా రాలేదు. మళ్ళీ కాల్ రాకుండా ఇద్దరి నంబర్లూ ఆపేసింది. తెలియని నంబరు నుంచి కాల్ వస్తే ఎత్తడం కూడా మానేసింది. ఏదున్నా యాప్‌లో రాయమనేది.

టైల్స్ పరిచే మేస్త్రి ఒకతను ఫోను కొంటానని యాప్‌లోనే రాశాడు. శనివారం మధ్యాహ్నం షాపుకి రమ్మంది. పట్టపగలు, నలుగురు తిరిగే చోటు, పక్కన షాపు ఓనరు. అంతకన్నా ఏం కావాలి?

నలభై దాటిన మనిషి. గోళ్ళ చుట్టూ తెల్లగా సిమెంటు పట్టి ఉంది. అతని ఫోను తెర సగం నల్లబడిపోయింది, మిగతా సగంలో అన్నీ అడ్డంగా గీతలు. "నిచ్చెన మీంచి పడిందండీ. నేను కాదు, ఫోను," అన్నాడు. ఆవిడ ఫోను తీసుకుని ఒక కాల్ చేశాడు, ఫోటో తీశాడు, ఛార్జరు పెట్టి చూశాడు. అంచు మీది గీతని వేలితో తడిమి, "మీరు చెప్పిందే," అన్నాడు. ఎనిమిది వేలంటే ఎనిమిది వేలకీ ఒప్పుకున్నాడు. ఒక్క మాట బేరం ఆడలేదు. అక్కడే ఆవిడకి మొదటి అనుమానం పుట్టింది. ఈ రోజుల్లో బేరం ఆడకుండా కొనేదెవరు?

ఆ పగిలిన తెర మీదే తంటాలుపడి డబ్బు పంపాడు. అతని ఫోనుకి మెసేజి వచ్చింది, ఖాతాలోంచి డబ్బు పోయిందని. ఈవిడ ఫోను మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఖాతా తెరిచి చూసింది, రాలేదు. మళ్ళీ చూసింది. అతని యాప్‌లో 'జరుగుతోంది, వేచి ఉండండి' అని ఉంది.

"సర్వరు నెమ్మదిగా ఉందేమోనండి," అన్నాడు మేస్త్రి.

"ఉండొచ్చు. చూద్దాం," అంది.

కళ్ళ పరీక్షకి వచ్చేవాళ్ళ కోసం వేసిన కుర్చీలో కూచున్నాడు. అరగంట అయింది. గంట కూడా దాటింది. ఎదురుగా గోడ మీద అక్షరాల చార్టుంటే అందులో చివరి వరస దాకా మనసులో చదువుకున్నట్టున్నాడు. ఈవిడ మధ్యమధ్యలో లేచి ఖాతా చూసి తల అడ్డంగా ఊపేది. చివరికి అతనే లేచాడు.

"అమ్మా, నేను ఈత కొలను పనిలో ఉన్నాను. మూడింటికల్లా కిందికి దిగాలి, మనుషులు నా కోసం చూస్తుంటారు. నా ఖాతాలోంచి డబ్బు పోయింది, మీ ఖాతాలోకి రాలేదు. ఫోను ఇప్పుడు ఇవ్వొద్దు, మీ దగ్గరే ఉంచండి. ఒక కాగితం రాసివ్వండి, చాలు."

"డబ్బు అందకుండా అందినట్టు ఎలా రాస్తానండీ?"

"అందినట్టు వద్దు. ఇవాళ నేను పంపానని అంటున్నట్టు, మీకింకా రానట్టు, వస్తే ఫోను ఇస్తానన్నట్టు రాయండి. ఉన్న సంగతే."

అడిగిందాంట్లో తప్పేమీ లేదు. కానీ తన సంతకం ఉన్న కాగితం ముక్కు మొహం తెలియని మనిషి చేతిలోకి వెళ్ళడమన్నది ఆవిడకి మింగుడు పడలేదు. ఆ కాగితంతో రేపు ఏం చేస్తాడో ఎవరికి తెలుసు? "డబ్బు వస్తే నేనే మెసేజి పెడతానండి. కాగితాలూ అవీ ఎందుకు," అంది.

మేస్త్రి ఒక్క నిమిషం ఆవిడ మొహంలోకి చూశాడు. "మీ జాగ్రత్త మీదమ్మా," అన్నాడు. "నాకు మాత్రం ఇప్పుడు చేతిలో ఫోనూ లేదు, డబ్బూ లేదు." చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ చెబుతుంటే కథలాగే సాగింది. బేరం ఆడకపోవడం, పగిలిన తెర, మెసేజి, కాగితం అడగడం. "అదీ వాళ్ళ ఎత్తు. మొదట ఫోను కోసం చూశాడు, కుదరకపోయేసరికి సంతకం కోసం చూశాడు," అంది. వాళ్ళాయన, "నేనైతే ఫోను ఇచ్చి, కాగితం ఇచ్చి, ఆటో ఎక్కించి వచ్చేవాణ్ణి," అని తన మీద తనే నవ్వుకున్నాడు. భార్య గెలిచినందుకు సంతోషమే గానీ, ఏడాది కిందటి తన ఓటమి ఇంకాస్త పెద్దదైనట్టు కూడా అనిపించి ఉంటుంది.

అత్తగారు మాత్రం, "గంటన్నర కూచున్నాడా?" అని అడిగింది.

"కూచున్నాడు."

"దొంగ గంటన్నర కూచుంటాడా, అమ్మాయ్?"

"నమ్మకం కలగడానికి కూచుంటారు అత్తయ్యా. వాళ్ళకి అదే ఉద్యోగం," అంది కోడలు.

చెప్పుకుంటూనే మేస్త్రి నంబరు ఆపేసింది. యాప్‌లో అతని పేజీకి వెళితే కింద 'మోసం అని ఫిర్యాదు చేయండి' అని మీట ఉంది. నొక్కింది. వివరం రాయమంటే, 'డబ్బు పంపినట్టు నకిలీ మెసేజి చూపించి ఫోను తీసుకోబోయాడు' అని రాసింది. తోటివారిని కాపాడినందుకు కృతజ్ఞతలు అని జవాబొచ్చింది. ఆ జవాబు వాళ్ళాయనకి కూడా చూపించింది.

ఆదివారం తెలియని నంబర్ల నుంచి ఏడు కాల్స్ వచ్చాయి. ఒక్కటీ ఎత్తలేదు.

సోమవారం పదిన్నరకి ఆవిడ మిషను ముందు కూచుని ఒక లెన్సు అంచు అరగదీస్తోంది. పక్కనున్న ఫోను వెలిగింది. ఎనిమిది వేలు ఖాతాలో పడ్డట్టు మెసేజి. పంపిన వాళ్ళ వివరం శనివారం తాను చూసిందే. చెయ్యి కదిలింది, లెన్సు అంచు పెచ్చులూడింది. పదకొండేళ్ళలో అలా పాడుచేసిన లెన్సులు నాలుగైదుకి మించి ఉండవు.

మెసేజిని నమ్మకూడదని కదా తన నియమం. ఖాతా తెరిచి చూసింది. డబ్బు ఉంది.

మేస్త్రి నంబరు మళ్ళీ తెరిచి కాల్ చేసింది. స్విచ్చాఫ్. ఆ సగం తెర కూడా పోయినట్టుంది. యాప్‌లో రాద్దామని అతని పేజీకి వెళితే, 'ఈ ఖాతా తొలగించబడింది' అని ఉంది. తను నొక్కిన మీటే. నిన్నటి ఏడు కాల్స్ గుర్తొచ్చి ఒక్కొక్క నంబరుకే చేసింది. ఒకటి టీకొట్టుదట, ఎవరెవరో చేసుకుంటారు, నాకేం తెలుసు అన్నాడు. ఒకటి ఎత్తలేదు. ఇంకొకతను, "ఓ, మీరేనా ఆవిడ?" అని ఒక్క మాట అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే కలవలేదు. ఈసారి ఆపేసింది వాళ్ళు.

ఇంటికెళ్ళి చెప్పింది. శనివారం చెప్పినట్టు కాదు, నాలుగు ముక్కల్లో. వాళ్ళాయన, "ఫోను ఎక్కడికీ పోలేదు కదా, వస్తే ఇచ్చేద్దాం," అన్నాడు. అత్తగారు ఫిర్యాదు సంగతి మళ్ళీ అడిగి తెలుసుకుని, "ఎలకలున్నాయని ఇల్లు కాల్చుకుంటారా ఎవరైనా? నీ ఇల్లు కూడా కాదు, అతనిది కాల్చావు," అంది.

మంగళవారం అత్తగారి బీపీ మాత్రలకని మందుల షాపుకెళ్ళి కార్డు గీస్తే పనిచేయలేదు. ఇంకోసారి గీశారు. ఖాతాలో జీతం ఉంది, ఈ ఎనిమిది వేలూ ఉన్నాయి, పైసా బయటికి రావడం లేదు. వెనక నిలబడ్డవాళ్ళు చూస్తుండగా మాత్రలు పక్కన పెట్టి వచ్చేసింది.

మర్నాడు బ్యాంకుకెళ్ళింది. కౌంటర్లో ఉన్నావిడ కంప్యూటర్లో చూసి కాస్త గొంతు తగ్గించి చెప్పింది. "మీ మీద ఫిర్యాదు ఉందండీ. వస్తువు అమ్ముతానని డబ్బు తీసుకుని, వస్తువు ఇవ్వకుండా, నంబరు ఆపేసి తప్పించుకుంటున్నారని. అందుకే ఖాతాని కదలకుండా పెట్టారు."

"నేనా?"

"అలా రాసి ఉందండీ."

ఆవిడ మొత్తం చెప్పుకొచ్చింది. శనివారం డబ్బు రాకపోవడం, సోమవారం రావడం. బ్యాంకావిడ ఓపిగ్గా విని, శనివారం అరపూట సర్వర్లు ఇబ్బంది పెట్టిన మాట నిజమేనని ఒప్పుకుంది. కానీ రాసినదాంట్లో అబద్ధం ఏముంది? డబ్బు తీసుకోవడం అయింది. వస్తువు ఇవ్వలేదు. నంబరు ఆపేసింది. కాల్స్ ఎత్తలేదు. ఒక్కొక్కటే లెక్కబెట్టుకుంటే అన్నీ తను చేసినవే. అవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అందులో కనిపిస్తున్న మనిషి, పోయినేడు తన మొగుడి ఫోను ఎత్తుకుపోయిన తెల్ల చొక్కావాడిలాగే ఉన్నాడు.

"ఆయనొచ్చి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే తొందరగా తేలుతుంది. లేకపోతే విచారణే. పదిహేను రోజులో, నెలో," అంది బ్యాంకావిడ. మేస్త్రి అడ్రసు మాత్రం ఇవ్వడానికి లేదంది.

ఈత కొలను అన్న మాట ఒక్కటే ఆవిడకి మిగిలింది. వాళ్ళాయనకి భవనాలు కట్టేవాళ్ళతో పరిచయాలుంటాయి కాబట్టి నాలుగు ఫోన్లు చేశాడు. ఊళ్ళో కొత్తగా ఈత కొలను కడుతున్నది ఒకే ఒక్క చోట, బస్ డిపో వెనక ఆటల క్లబ్బులో. "నేనూ వస్తా," అన్నాడాయన.

"వద్దు. కాగితం ఇవ్వనంది నేను," అంది.

గురువారం మధ్యాహ్నం వెళ్ళింది. వాచ్‌మన్ వేలితో చూపించాడు. నీళ్ళు లేని కొలను ఎంత లోతుగా ఉంటుందో ఆవిడ అప్పుడే చూసింది. అడుగున మేస్త్రి మోకాళ్ళ మీద కూచుని నీలం టైల్స్ పరుస్తున్నాడు. ఈ గోడ నుంచి ఆ గోడకి దారం లాగి కట్టి ఉంది. ఆ దారాన్ని పట్టుకుని టైల్సు వరసలు ఒక్క గీత పక్కకి పోకుండా వచ్చాయి. పైనుంచి పిలిస్తే గొంతు గోడలకి తగిలి నలుగురికీ వినపడుతుంది. చెప్పులు పైనే విడిచి, ఇనప నిచ్చెన పట్టుకుని కిందికి దిగింది.

మేస్త్రి తలెత్తి చూశాడు. కోపం కన్నా అలసట ఎక్కువ కనపడింది ఆ మొహంలో. "దొరికారే," అన్నాడు.

"డబ్బు సోమవారం వచ్చిందండీ. మీ నంబరు కలవలేదు. ఫోను తెచ్చాను." సంచీలోంచి తీసి చూపించింది.

"ఫోను వద్దమ్మా. మనవాడొకడు వాయిదాల మీద కొనిపెట్టాడు. ఫోను లేకపోతే నాకు రోజు గడవదు కదా. డబ్బు వెనక్కిచ్చేయండి, చాలు."

"ఇచ్చేస్తాను. కానీ ఖాతా కదలడం లేదు. మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటేనే..."

"తీసుకుంటాను. మీరు వెతుక్కుంటూ వచ్చారుగా. మోసం చేసేవాళ్ళు నిచ్చెన దిగి రారు." కాస్త నవ్వాడు కూడా. తర్వాత తాపీ చేతిలోకి తీసుకుంటూ, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "అసలు దెబ్బ అది కాదు లెండి. ఆ యాప్‌లో నా పేజీ పోయింది. ఫోను పాడైనందుకు పోయిందో, నేను ఫిర్యాదు చేసినందుకు పోయిందో తెలీదు. నాకు పనులు వచ్చేది అందులోంచే. నాలుగేళ్ళుగా చేసిన వంటిళ్ళూ బాత్‌రూములూ అన్నిటి ఫోటోలూ అందులో ఉన్నాయి. నలభై ఏడు మంది రాశారు, మేస్త్రి పని బాగా చేశాడని. ఎవరికి ఫోన్ చేసి అడగాలో కూడా తెలీడం లేదు."

ఆ మీట నొక్కింది ఈవిడేనని అతనికి తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. రేపు బ్యాంకుకొచ్చి సంతకం పెడతాడు, ఖాతా కదులుతుంది, డబ్బు పంపేస్తుంది, అయిపోతుంది. చెబితే అతను ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోయినా అడగడానికి తనకి నోరుండదు. వాళ్ళాయన జీతం ఇంకా రాలేదు, అత్తగారి మాత్రలు పక్కింటి వాళ్ళ దగ్గర అప్పు తెచ్చి కొన్నారు.

"మేస్త్రిగారూ, ఆ పేజీ నా వల్లే పోయింది," అంది.

అతను తాపీ ఆపాడు.

"శనివారం సాయంత్రం నేనే ఫిర్యాదు చేశాను. మీరు దొంగ మెసేజి చూపించారని రాశాను. నిజమేనని నమ్మే రాశాను గానీ, రాసింది నేనే."

దూరంగా ఇంకో మూల ఎవరో టైలు కోస్తున్న రొద. అతను కలిపి పెట్టుకున్న పేస్టు వంక చూసి, "ఇది గట్టిపడిపోతుంది. ఇదయ్యాక మాట్లాడదాం," అన్నాడు.

ఆవిడ కొలను అడుగున, ఇంకా టైల్సు పడని చోట, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. అతను పేస్టు పరిచి, టైలు పెట్టి, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టి, మట్టం చూసి, తర్వాతది తీసుకుంటున్నాడు. ఒకటి రవ్వంత లేచిందని ఊడదీసి మళ్ళీ పెట్టాడు. ఆవిడకి కూడా అది కనిపించింది, అతను తియ్యడానికి ఒక క్షణం ముందే. షాపు ఓనరు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తి, వస్తున్నానండీ అంది. కానీ కదల్లేదు.

వరస పూర్తయ్యాక మేస్త్రి చేతులు బకెట్లో కడుక్కుని వచ్చి ఎదురుగా కూచున్నాడు.

"మా ఆయన్ని పోయినేడు ఒకడు ఇలాగే..." అని మొదలుపెట్టింది ఆవిడ.

"అది నేను కాదు కదమ్మా."

"కాదు," అంది. ఆ కథ అక్కడే ఆపేసింది.

"మీ చోట నేనున్నా డబ్బు కళ్ళ చూడకుండా ఫోను ఇచ్చేవాణ్ణి కాదు," అన్నాడు మేస్త్రి. "అందులో నేను మిమ్మల్ని తప్పుపట్టను. మా ఇంట్లో కూడా అదే చెప్పాను. కానీ కాగితం రాసిచ్చేవాణ్ణి. గంటన్నర కూచున్న మనిషికి కాగితం ముక్క ఇస్తే పోయేదేముంది? ఆ కాగితం చేతిలో ఉంటే నేను బ్యాంకు మెట్లు ఎక్కేవాణ్ణా?"

"భయపడ్డాను."

"భయం తప్పు కాదు. భయంతో ఫోను దాచుకున్నారు, సరే. ఇంటికెళ్ళాక ఇంకేం భయం? నేను వెళ్ళిపోయాను. అప్పుడు నొక్కింది భయంతో కాదు."

ఆ మీట నొక్కినప్పుడు తను భయపడలేదన్న మాట నిజం. కంచం ముందు కూచుని, నవ్వుతూ నొక్కింది. వచ్చిన జవాబు మొగుడికి చూపించింది.

"రేపు పదింటికి బ్యాంకుకొస్తాను," అన్నాడతను లేస్తూ. "ఆ పేజీ సంగతి మీరే చూడాలి. తియ్యడం మీకు తెలిసింది కదా, తెరిపించడం కూడా తెలుసుకోండి."

శుక్రవారం వచ్చాడు. ఫిర్యాదుదారూ, ఫిర్యాదు పడ్డ మనిషీ ఒకే బెంచీ మీద పక్కపక్కన కూచుని టోకెను కోసం చూస్తుంటే బ్యాంకావిడ రెండుసార్లు కళ్ళజోడు సర్దుకుంది. సంతకాలయ్యాయి. ఖాతా కదలడానికి మరో నాలుగు రోజులు పట్టింది. కదిలిన రోజే ఆవిడ ఎనిమిది వేలూ మేస్త్రి భార్య ఖాతాకి పంపింది, అతను అడిగినట్టే. చేరిందని అతని భార్య ఫోన్ చేసి చెప్పేదాకా ఈవిడ మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంది.

యాప్ వాళ్ళతో తలనొప్పి వేరే. పొరపాటున ఫిర్యాదు చేశానని రాస్తే, మీ ఫిర్యాదుపై చర్య తీసుకున్నాం, కృతజ్ఞతలు అని జవాబొచ్చింది. మళ్ళీ రాస్తే అదే జవాబు, ఒక్క అక్షరం తేడా లేకుండా. బ్యాంకు ఇచ్చిన కాగితం ఫోటో తీసి జతచేసింది. ఫిర్యాదు చెయ్యడానికి ఒక్క మీట చాలింది. వెనక్కి తీసుకోవడానికి మీటే లేదు. పందొమ్మిదో ఉత్తరానికి ఎవరో మనిషి జవాబు రాసినట్టుంది, అందులో ఒక అచ్చుతప్పు ఉంది. మూడు వారాల తర్వాత పేజీ తెరుచుకుంది. ఫోటోలు వచ్చాయి. నలభై ఏడు మంది రాసిన మాటలు మాత్రం రాలేదు. తొలగించినవి తిరిగి తేలేమన్నారు. వాటి చోట సున్నా ఉంది.

ఆ సంగతి చెప్పడానికి తనే మేస్త్రికి ఫోన్ చేసింది. అతను విని, "సరే లెండి," అన్నాడు. తర్వాత, "పాతవాళ్ళ నంబర్లు కొన్ని మా ఆవిడ డైరీలో ఉన్నాయి. అడిగి చూస్తాను. రాసేవాళ్ళు రాస్తారు," అన్నాడు.

"నేను రాయనా?"

"మీరేం రాస్తారు? మీ ఇంట్లో నేను పని చేయలేదు కదా. ఆ మాటలన్నీ నిజంగా పని చూసినవాళ్ళు రాసినవేనమ్మా, అలాగే ఉండనివ్వండి."

వాళ్ళాయన అదంతా విని, ఆ రాత్రి భోజనాల దగ్గర, "ఇక ఇంట్లో ఆకుపచ్చ టిక్కు మాట మానేద్దాం," అన్నాడు. పాత ఫోను తర్వాత ఒక నర్సు కొనుక్కుంది. డబ్బు ఖాతాలో పడ్డది చూసుకునే ఇచ్చింది ఆవిడ, ఆ జాగ్రత్త మానలేదు. అడక్కుండానే డబ్బు అందినట్టు, ఫోను ఇచ్చినట్టు రెండు కాగితాలు రాసి, ఒకటి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

అప్పుడప్పుడూ మేస్త్రి పేజీ తెరిచి చూస్తూ ఉండేది. మొదటి వారం ముగ్గురు రాశారు. నెల తిరిగేసరికి పదకొండు. ఇంకా ముప్ఫై ఆరు ఉండాలి అనుకునేది, బయటికి అనేది కాదు. ఒక ఆదివారం అత్తగారికి గోళ్ళు తీస్తూ మధ్యలో ఫోను చూసింది. ఆటల క్లబ్బు మేనేజరు రాశాడు. పెద్దగా ఏం లేదు, రెండే వాక్యాలు. 'కొలనులో నీళ్ళు నింపి పది రోజులైంది. ఎక్కడా ఒక్క టైలు కదల్లేదు.'

పైకి చదివింది. అత్తగారు రెండో చెయ్యి చాపుతూ, "దీంతో ఎన్ని?" అని అడిగింది.

"పన్నెండు," అంది ఆవిడ.